తెర మీది మనుషులు, రేవులో మనుషులు

సూర్యకాంతం అన్న పేరు తెలుగిళ్ళలో ఇప్పుడు ఎవరూ పెట్టుకోరు. ఒకప్పుడు ముచ్చటపడి పెట్టుకున్న పేరే అది. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టినవాళ్ళు, నలభై ఏళ్ళు తిరక్కుండా అది తిట్టుగా మారుతుందని కలలో కూడా అనుకుని ఉండరు. ఎడంచేయి ఊపుతూ కోడళ్ళని సాధించే అత్తగా సూర్యకాంతం గారు ఎంత బాగా నటించారంటే, ఊళ్ళో నోరున్న ప్రతి ఆడదానికీ ఆవిడ పేరే అంటగట్టేశారు. నిజానికి సెట్టు మీదకు ఇంటి వంటలు పట్టుకెళ్ళి అందరికీ కొసరి కొసరి వడ్డించిన మనిషి ఆవిడ. తోటి నటులు దాదాపు అందరూ చెప్పిన మాట ఇది. అయినా 1962 నాటి ‘గుండమ్మ కథ’ ముందు ఆ మంచితనం నిలవలేదు. జనానికి మిగిలింది గుండమ్మే.

దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడాలి. రావు గోపాలరావు గారిదీ కాకినాడ ప్రాంతమే, గంగనాపల్లి. 1975లో బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’లో ఆయన వేసిన కాంట్రాక్టరు నిలువెల్లా విషం. పచ్చటి కాపురాన్ని కూల్చడానికి పూనుకున్నవాడు. ఆ మాటలు రాసింది ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ. తర్వాత ఆ సంభాషణలు రికార్డులుగా వస్తే జనం ఎగబడి కొన్నారు. పెళ్ళిపందిళ్ళలో, టీకొట్ల దగ్గర మైకుల్లో మోగించారు. మగవాళ్ళు ఈనాటికీ ఆ మాటలు ఆయన గొంతుతో చెప్పి మురిసిపోతారు. ఇద్దరూ ఒకే జిల్లావాళ్ళు, ఇద్దరూ మహానటులు, ఇద్దరూ చెడ్డ పాత్రలే వేశారు. మగవాడి దుర్మార్గాన్ని ప్రేక్షకుడు ఒక కళగా ఆస్వాదించి ఇంటికి పోయాడు. ఆడదాని గయ్యాళితనాన్ని మాత్రం ఇంటికి తీసుకుపోయి, అక్కడున్న అత్తకో పిన్నికో తగిలించాడు. తెర మీది మూసబొమ్మల గురించి నాకు ఉన్న బాధంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక చెడ్డ పాత్ర ఉండటం వల్ల ముప్పు రాదు. ఒక జాతికో వర్గానికో అలాంటి పాత్ర తప్ప మరోటి ఇవ్వకపోవడం వల్ల వస్తుంది. మగవాడికి వంద రకాల పాత్రలున్నాయి కాబట్టి కాంట్రాక్టరు ఒక మనిషిగానే మిగిలాడు. నడివయసు ఆడదానికి ఉన్నవి రెండో మూడో. అందుకే గుండమ్మ ఆడవాళ్ళందరికీ గుర్తయిపోయింది.

సినిమాని సినిమాగా చూడాలి గానీ దానికి ఇంత శక్తి ఎక్కడిదని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దీని మీద ప్రపంచంలో గట్టి పని జరిగింది. 1940లలో అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్నపిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్ల బొమ్మనే మంచిదన్నారు. నీలాంటి బొమ్మ ఏదని అడిగినప్పుడు కొందరు ఏడ్చేశారు. బడుల్లో జాతివివక్ష చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధనల ప్రస్తావన ఉంది. తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ టీవీ మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. టీవీ ఎక్కువ చూసేవాళ్ళు లోకంలో ఉన్నదానికంటే ఎక్కువ హింస ఉందని నమ్ముతారని ఆయన తేల్చాడు. ఏ ఒక్క కార్యక్రమమో మనసు మార్చేయదు. ఒకే బొమ్మ ఏళ్ళ తరబడి కళ్ళ ముందు తిరిగితే అదే లోకం తీరని అనిపిస్తుంది.

మన దేశంలో జరిగిన పరిశోధన ఒకటి దీనికి రెండో వైపు చూపించింది. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం అది. తమిళనాడు, బీహార్, హర్యానా వంటి రాష్ట్రాల పల్లెల్లోకి కేబుల్ టీవీ వచ్చాక ఏం మారిందో చూశారు. భర్త కొట్టడం సమంజసమే అనే ఆడవాళ్ళు తగ్గారు. కొడుకే కావాలనే పట్టూ తగ్గింది. ఆ సీరియళ్ళు ఆదర్శమైనవేమీ కాదు, అత్తాకోడళ్ళ గొడవలే. కానీ అందులో సొంత ఇల్లున్న, బయటికెళ్ళి పనిచేసే పట్నం ఆడవాళ్ళు కనిపించారు. మరోరకంగా బతకొచ్చని చూసినవాళ్ళకు తెలిసింది. బొమ్మ కీడు చేయగలిగినట్టే మేలూ చేయగలదు. వినోదమే కదా అని వదిలేసే హక్కు మనకు అందుకే లేదు.

ఇక తెర మీది గోదారికి, పట్టిసీమ సంగతికి వస్తాను. దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి గుడి, చుట్టూ గోదారి, శివరాత్రికి పడవల్లో దాటే జనం. తెలుగు సినిమా మోజుపడి మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చిన చోటు ఇది. ఇక్కణ్ణించి కొవ్వూరు వైపు వెళ్ళే గట్టు మీదే కుమారదేవం. అక్కడున్న నిద్రగన్నేరు చెట్టుకు సినిమా చెట్టనే పేరు. దాని నీడన ఎన్ని పాటలు, ఎన్ని పంచాయతీలు తీశారో. 2024 ఆగస్టులో ఆ చెట్టు కూలినప్పుడు పేపర్లన్నీ రాశాయి, జనం వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఒక చెట్టుకు ఇంత గుర్తింపు దొరికినందుకు నాకూ సంతోషమే. ఆ చెట్టు కింద గుంపులో నిలబడ్డ మనుషుల గురించి మాత్రం ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు.

‘మూగ మనసులు’ 1964లో వచ్చింది. గోదారి మీద తీసిన సినిమాల్లో ఇంత అందమైనవి అరుదు. పడవ నడిపే గోపి, జమీందారు కూతురు రాధ. గోపి అమాయకుడు, నమ్మినబంటు, చదువురానివాడు. ఆమెని అమ్మాయిగారూ అని పిలుస్తూ దణ్ణం పెట్టినట్టు ప్రేమిస్తాడు. ఆ ప్రేమ ఈ జన్మలో చెల్లదు. ఇద్దరూ గోదాట్లో మునిగి, మళ్ళీ పుట్టి, అప్పుడు ఒకటవుతారు. ఆదుర్తి సుబ్బారావు గారి ప్రతిభ మీద నాకు గౌరవం ఉంది. ఆ సినిమా చూసిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. అయినా అడగాల్సింది అడగాలి. పడవవాడు దొరసానిని ప్రేమిస్తే ఇంకో జన్మ ఎత్తక తప్పదా? ఉప్పాడ తీరాన తీసిన ‘ఉప్పెన’ 2021లో వచ్చింది. అందులోనూ జాలరి కుర్రాడి ప్రేమ ఘోరమైన శిక్షకే దారి తీసింది. మధ్యలో దాదాపు అరవై ఏళ్ళు. రేవులో బతికేవాడు తెర మీద విధేయుడో, బలిపశువో తప్ప, తన పడవకు తాను యజమానిగా, సంఘంలో మాట చెల్లే మనిషిగా కనిపించడం ఎంత అరుదో చూడండి.

ఆడవాళ్ళ బొమ్మ ఇంకా గట్టిగా బిగుసుకుపోయింది. గోదారి అమ్మాయంటే లంగావోణీ, నడుము మీద బిందె, వాలుజడ, తడిసిన కాళ్ళు. 1982లో వచ్చిన ‘దేవత’లో ఇసుకతిన్నెల మీద వరసలు తీర్చిన ఇత్తడి బిందెలు ఇప్పటికీ అందరి కళ్ళలోనూ ఉన్నాయి. ఇవాళ పొద్దున్నే రేవుకో, కుళాయి దగ్గరకో వచ్చే ఆడవాళ్ళని చూడండి. నైటీ, దాని మీద తువ్వాలు. తాగే నీళ్ళు ఇరవై లీటర్ల టిన్నులో మోపెడ్ మీద ఇంటికొస్తాయి. డ్వాక్రా మీటింగు, ఉపాధి హామీ పని, గల్ఫులో ఉన్న చెల్లెలితో వీడియో కాలు. మస్కట్‌లో, కువైట్‌లో ఇంటిపని చేసి ఇక్కడ డాబా కట్టిన ఆడవాళ్ళు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. ఇంత పెద్ద జీవితం, ఇంత ధైర్యం తెర మీదికి సరిగ్గా రాలేదు. గల్ఫు వెళ్ళిన ఆడదాని మీద ఊళ్ళో ఎగతాళి ఉంది, సినిమాలో ఉంటే ఎగతాళి లేకపోతే జాలి.

వార్తల్లోనూ ఇదే వరస. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించారని దేశమంతా వీడియోలు తిరిగాయి. ఏటా జనవరిలో ఇలాంటివి వస్తూనే ఉంటాయి. గోదారోళ్ళంటే మర్యాద, తిండి, వెటకారం అన్న పేరు అలా ముదిరింది. కెమెరా అరిటాకు మీద తిరుగుతుంది, అల్లుడి మొహం మీద ఆగుతుంది. పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్న ఆడవాళ్ళ దగ్గరకు పోదు. అదే ఆడది ఏదైనా నేరంలో నిందితురాలైతే శీర్షిక నిండా ఆవిడే. ఆమె అందం, ఎన్ని పెళ్ళిళ్ళు, ఎవరితో స్నేహం, ఇవే ముందు. నేరం ఏమిటో మూడో పేరాలో దొరుకుతుంది. మగ నిందితుడి ఒడ్డూపొడుగూ గురించి మన పేపర్లు ఎప్పుడూ రాయవు.

మగవాళ్ళకి ఇది తగిలిన సందర్భం ఒకటుంది. 2021 డిసెంబరులో ‘పుష్ప’లో సమంత నర్తించిన పాట మగబుద్ధిని ఎత్తిచూపిందని ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల సంఘం ఒకటి ఫిర్యాదు చేసింది. అందరు మగవాళ్ళనీ ఒకే గాటన కట్టారన్నది వాళ్ళ బాధ. అది న్యాయమైన బాధే అనుకుందాం. ఒక్క పాటకే అంత మండితే, డెబ్బై ఎనభై ఏళ్ళుగా వేల పాటల్లో ఒకే గాటన కట్టిన ఆడవాళ్ళకి ఎంత మండాలి?

రంగు దగ్గరకు వస్తే మనం జాతివివక్ష గురించి మాట్లాడుతున్నామని ఒప్పుకోవాలి. తెల్లదొరలు చేస్తేనే జాతివివక్ష అన్నట్టు మనం మాట్లాడతాం. కానీ పెళ్ళి చూపుల్లో పిల్ల చామనఛాయ అని గొంతు తగ్గించి చెప్పే దేశం మనది. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో ‘కార్తీక దీపం’ నడిచింది. సాయంత్రం ఆ వేళకి పట్టిసీమలోనైనా పాలకొల్లులోనైనా వీధులు ఖాళీ అయ్యేవి. నల్లగా ఉందని సవతితల్లి, చెల్లి, అత్త చేతుల్లో నలిగిపోయి, మొగుడి అనుమానానికి ఇల్లొదిలి, వంటలక్కగా పిల్లని పెంచుకున్న దీప కథ అది. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’కి తెలుగు రూపం. ఆ సీరియల్ చూసి తమ మనసులో మాట ఎవరో చెప్పారని కన్నీళ్ళు పెట్టుకున్న నల్లపిల్లల్ని నేనెరుగుదును. అందుకు ఆ కథకు దణ్ణం పెట్టాలి. దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ మాత్రం తెల్లటి మనిషి. రోజూ మొహానికి నల్లరంగు పూసి నిలబెట్టారు. నల్లపిల్లకు జరిగిన అన్యాయం గురించి ఐదేళ్ళకు పైగా చెప్పిన కథలో నల్లపిల్లకే చోటు దొరకలేదు.

‘రంగస్థలం’లో, ‘పుష్ప’లో కూడా అదే పని. పొలం పనిచేసే రామలక్ష్మి, పాలుపోసే శ్రీవల్లి. ఇద్దరికీ తెల్లని తారలే, మీద గోధుమరంగు పూత. అంటే రంగు అక్కడ పేదరికానికి గుర్తు. దుస్తుల్లాగే వేసుకుని విప్పేసేది. 2023లో వచ్చిన ‘బేబీ’ ఇంకో అడుగు వేసింది. బస్తీలో నల్లగా, అమాయకంగా, నమ్మకంగా ఉన్న పిల్ల కాలేజీకి వెళ్ళి తెల్లబడింది, తెల్లబడగానే దారి తప్పింది. నల్లగా ఉంటే మంచిదే కానీ ఎవరికీ అక్కర్లేదు, తెల్లబడితే అందరికీ కావాలి గానీ చెడ్డది. పదిహేడేళ్ళ పిల్ల ఇందులోంచి ఏ పాఠం తీసుకోవాలి? 2020లో ఆహాలో వచ్చిన ‘కలర్ ఫోటో’ నిజాయితీగా తీసిన సినిమా. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అందులో నల్లగా ఉన్నది అబ్బాయి, ప్రేమించింది తెల్లటి అమ్మాయిని. తెల్లటి హీరో నల్లటి అమ్మాయి వెంటపడే పెద్ద సినిమా ఏదీ అని అడిగితే మనకు వెంటనే ఒక్క పేరైనా నోటికి రాదు.

ఇందులో వ్యాపారం వాటా చిన్నది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారులోకి వచ్చింది. నల్లపిల్లకి ఉద్యోగం రాదు, క్రీము రాస్తే వస్తుంది అని మూడు నాలుగు దశాబ్దాలు చెప్పింది. నల్లరంగును లోపంగా చూపొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లేచిన ఉద్యమంతో ఆ క్రీము పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. డబ్బా అదే, కోరికా అదే. అంతకు ఏడాది ముందే సాయిపల్లవి అలాంటి క్రీము ప్రకటనను వద్దని, తన చెల్లెలు రంగు గురించి పడ్డ బెంగ చూశాక ఆ పని చేయలేనని చెప్పింది. వెండితెర మీద వెలిగే మనిషి నోట ఆ మాట రావడం చట్టం కంటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

పట్టిసీమ దాటి ఎగువకి, పోలవరం మీదుగా పాపికొండల్లోకి వెళ్తే కథ ఇంకా కటువుగా ఉంటుంది. అవి కోయలు, కొండరెడ్లు ఉండే ఊళ్ళు. కొండరెడ్ల జీవితం మీద మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1945లోనే పెద్ద పుస్తకం రాశాడు. కుటుంబాలు, పోడు, పండగలు, అప్పులు, షావుకార్ల మోసాలు అన్నీ అందులో ఉన్నాయి. మన సినిమాకు దొరికింది మాత్రం తలకు ఈకలు, మెడలో పూసలు, మంట చుట్టూ గెంతులు. సోది చెబుతానంటూ ఇంటిముందుకొచ్చే కోయదొర హాస్యగాడు. వాళ్ళ మాటలో ప్రతి వాక్యం చివరా దొరా, సామీ. కోయలకు సొంత భాష ఉందనీ అది తెలుగుకు చుట్టమనీ తెర మీద తెలియదు. విహారానికి వెళ్ళే లాంచీ పై అంతస్తులో మైకు పట్టుకున్న కుర్రాడు పాటలు వేయించి, జనాన్ని ఆడిస్తూ, గిరిజనుల ఊరొస్తోందని చెబుతాడు. పేరంటపల్లిలో దిగగానే మెట్ల పక్కన వెదురు పువ్వులు, చిన్న చిన్న బుట్టలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. వెదురుని ఈనెలుగా చీల్చి, రేకలు సన్నగా తీసి, ఒక్కో పువ్వుకి ఎంత ఓపిక పెట్టారో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. దిగినవాళ్ళలో చాలామంది పువ్వు బేరమాడతారు, వాళ్ళ పక్కన నిలబడి ఫోటో తీసుకుంటారు. పేరు మాత్రం అడగరు. వాళ్ళ బొంగులో చికెన్ హైదరాబాదు హోటళ్ళకి చేరింది. వాళ్ళు మాత్రం పోలవరం ముంపు వార్తల్లో నిర్వాసితులుగా, చేతులు జోడించి నిలబడ్డ గుంపుగానే కనిపిస్తారు. అయితే ఆటగాళ్ళు, లేకపోతే అభాగ్యులు. ఆ రెంటికీ మధ్యలో ఉన్న మనిషిని కెమెరా చూడలేదు.

చరిత్ర చెప్పేటప్పుడూ అంతే. 1922 నుంచి 1924 దాకా ఈ కొండల్లోనే రంప పోరాటం జరిగింది. అల్లూరి సీతారామరాజు మీద 1974లో కృష్ణ తీసిన సినిమా తెలుగువాళ్ళకి పండగ. రాజుతో భుజం కలిపి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఎంతమందికి గుర్తున్నారు? ఆ మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడని బడిలో ఎవరైనా చెప్పారా? తుపాకీ పట్టినవాడు, జైలుకెళ్ళినవాడు, పార్లమెంటులో కూర్చున్నవాడు. ఒక పెద్ద సినిమాకు సరిపడే జీవితం అది. మన తెరకు గిరిజనుడు కావాల్సింది నాయకుడి వెనక విల్లు పట్టుకుని నిలబడటానికే. ‘ఆర్‌ఆర్‌ఆర్’ చివర్లో భీమ్ చదువు చెప్పమని రామ్‌ని అడుగుతాడు. జల్ జంగల్ జమీన్ అన్న మాటలు రామ్ రాసిస్తాడు. నిజానికి ఆ నినాదం కొమరం భీమ్ పేరుతోనే జనంలో నిలిచింది, ఆయన చదవడం రాయడం నేర్చుకున్నాడని ఆయన చరిత్ర రాసినవాళ్ళే చెప్పారు. ప్రపంచమంతా మెచ్చిన సినిమాలో గోండు వీరుడి మాట ఇంకొకరి చేతి నుంచి ఆయనకే కానుకగా అందింది. రాజమౌళి గారికి చెడు ఉద్దేశం ఉందని నేననను. ఉద్దేశం లేకుండానే ఇలా జరిగిపోవడం నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఇప్పుడు సముద్రం అవతలికి చూడండి. గోదావరి జిల్లాల నుంచి అమెరికాకు పిల్లని పంపని ఊరు తక్కువ. విజయవాడ మూలాలున్న కుటుంబంలో అమెరికాలో పుట్టిన నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా గెలిచింది. ఆ రాత్రే ట్విట్టర్‌లో ఆమెని అరబ్బు అనీ ఉగ్రవాది అనీ తిట్టారు. మరి ఆ మర్నాడు మన దేశంలో ఏం మాట్లాడుకున్నారు? ఇంత చామనఛాయతో ఇక్కడైతే గెలిచేదా అని. అక్కడ మనిషిని రంగు చూసి పరాయిదన్నారు, ఇక్కడ అదే రంగు చూసి తక్కువదన్నారు. ఆ తర్వాత ఆమె తెల్లబరిచే క్రీముల మీద గట్టిగా పోరాడింది. అమెరికాలో తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లెం విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో 1990 నుంచి కిరాణా కొట్టు అపుకి గొంతిచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లవాడు. బడిలో చదువుకునే భారతీయ పిల్లల్ని ఎంతోమందిని తోటిపిల్లలు ఆ గొంతుతోనే వెక్కిరించారు. అజారియా 2020లో ఆ పాత్ర వదిలేశాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. మనం సంతోషించాం. కోయదొర గొంతుకి మన హాస్యనటులు ఎప్పుడు క్షమాపణ చెబుతారు?

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చిచంపినవాడు, మా దేశం వదిలి పొమ్మని అరిచాడు. అతన్ని ఇరాన్‌వాడనుకున్నాడు. ఆ కాల్చినవాడికి ఇరాన్ గురించి ఏం తెలుసు? గడ్డం, రంగు, తెర మీద ఏళ్ళ తరబడి చూసిన విలన్లు. మనిషి ముఖం చూసే కంటికి ముందే ఒక బొమ్మ అడ్డం పడింది. అది బొమ్మ వల్లే జరిగిందని నేననలేను. ద్వేషానికి వేళ్ళు చాలా లోతున ఉంటాయి. కానీ తన ఎదుట కూర్చున్న ఇంజనీరు ఎవరో, ఏ ఊరివాడో అడగాలని అతనికి తట్టకపోవడానికి కారణాల్లో అదీ ఉంది. హైదరాబాదులో చదువుకునే ఆఫ్రికా పిల్లలకి అద్దెకి ఇల్లివ్వడానికి మనమెందుకు జంకుతాం? మన సినిమాల్లో మత్తుమందు అమ్మేవాడి మొహం ఎవరిదో గుర్తు తెచ్చుకుంటే జవాబు దొరుకుతుంది. బాధితులుగా మనకు ఈ బాధ బాగా తెలుసు. బొమ్మలు గీసేవాళ్ళుగా మాత్రం దాన్ని మర్చిపోతాం.

ఇదంతా సినిమా పుట్టాక వచ్చిన జబ్బు కాదు. రాజమండ్రిలో వితంతువులకు పెళ్ళిళ్ళు చేసి, ఆడవాళ్ళ కోసం ‘సతీహితబోధిని’ నడిపిన కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఋణం మనం తీర్చుకోలేం. ఆయనే కవుల చరిత్ర రాస్తూ తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగారకావ్యాన్ని చూసి ఆమెని సిగ్గులేనిదన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ ‘రాధికాసాంత్వనం’ అచ్చువేసి, మగకవులు రాసినప్పుడు రాని సిగ్గు ఆడది రాస్తే ఎందుకొచ్చిందని సూటిగా అడిగారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. ముద్దుపళని, నాగరత్నమ్మ ఇద్దరూ భోగంవాళ్ళు. గోదావరి జిల్లాల కలావంతులు తరతరాలుగా సంగీతం, అభినయం, పదాలు కాపాడారు. 1947 చట్టం వాళ్ళని ఆపింది. తర్వాత మన నాటకాల్లో, సినిమాల్లో వాళ్ళకు దొరికింది కాపురాలు కూల్చే వేషం. పెద్దాపురం పేరు చెప్పి వెకిలిగా నవ్వే సన్నివేశం ఎన్ని సినిమాల్లో ఉందో. ఆ ఊరి ఆడపిల్ల కాలేజీలో తన ఊరి పేరు చెప్పడానికి తడబడితే, ఆ నవ్వు రాసినవాళ్ళకి బాధ్యత లేదా?

దీనికి మందేమిటన్న దగ్గర నిషేధం అన్న మాట త్వరగా వస్తుంది. భీమవరం ప్రాంతపు కాళ్ళకూరి నారాయణరావు గారు వందేళ్ళ కింద రాసిన ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేస్తే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఆ బాధ నిజం. కాలం గడిచేకొద్దీ ఆడినవాళ్ళు సుబ్బిశెట్టిని మూలంలో ఉన్నదానికంటే చవకబారుగా చేశారు. అదే రచయిత వరకట్నం మీద ‘వరవిక్రయం’ రాశాడు. 1939లో అది సినిమాగా వచ్చింది, భానుమతి గారి తొలి సినిమా అదే. నిషేధంతో సుబ్బిశెట్టి ఆగాడు, పద్యనాటకం మీద బతికే పేదకళాకారుల కూడూ ఆగింది. ఇందులో ఇంకొకటి కూడా నన్ను కలవరపెడుతోంది. సుబ్బిశెట్టి కోసం అడిగే పెద్దలున్నారు. చింతామణి కోసం, ఆ కులం ఆడవాళ్ళ కోసం ఏ ప్రభుత్వం దగ్గరకైనా ఎవరైనా వెళ్ళినట్టు నేను వినలేదు. నిషేధం బలమున్నవాడికే అందుతుంది. 1986 నాటి అసభ్య చిత్రణ చట్టం ఉంది. లింగవివక్ష మూసల మీద 2022లో ప్రకటనల మండలి నియమాలొచ్చాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది. ఏ మాట వాడొద్దో, ఏ నమ్మకం తప్పో అందులో ఉంది. అన్నీ కావాల్సినవే. కథ రాసే గదిలో ఎవరు కూర్చున్నారన్నది మాత్రం చట్టం మార్చలేదు.

ఆ గదిలో ఆడవాళ్ళు కూర్చున్న రోజులు మనకూ ఉన్నాయి. భానుమతి 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీస్తూ కథ వీరమాచనేని సరోజినికి, సంగీతం పి. లీలకి, నృత్యం రాజసులోచనకి, కళ మోహనకి అప్పగించారు. అది ఆడింది తక్కువ. అయితే మాత్రం, అంతమంది ఆడవాళ్ళు ఒకే సినిమాకి సారథ్యం వహించడం ఆ తర్వాత ఎన్నిసార్లు జరిగింది? విజయనిర్మల 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌కెక్కారు. ఇప్పుడు నందినీరెడ్డి వంటి కొందరే ఉన్నారు. జీనా డేవిస్ సంస్థ 2014లో 11 దేశాల సినిమాలు లెక్కగడితే మన దేశపు తెర మీద ఆడపాత్రలు నాలుగింట ఒక వంతే ఉన్నాయి. 2018లో హైదరాబాదు ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి బహిరంగ నిరసనకు దిగింది. తెలుగు పిల్లలకు అవకాశాలివ్వరని, అవకాశం పేరుతో వాడుకుంటారని ఆమె ఆరోపణ. చాలామంది దాన్ని వినోదంలా చూశారు. ఆ తర్వాతే తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చినప్పుడు, తెలుగు పరిశ్రమ మీద తయారైన ఆ నివేదికనూ బయటపెట్టమని సమంత అడిగారు.

ప్రేక్షకులు ఇంతకంటే ఒప్పుకోరు అన్నది పరిశ్రమవాళ్ళు తరచు చెప్పే సాకు. తెలంగాణ యాస అంటే రౌడీకీ పనిమనిషికీ మాత్రమే అని దశాబ్దాలు అలాగే చెప్పారు. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతి పాత్రలో సాయిపల్లవి ఆ యాసలోనే, తన సొంత గొంతుతోనే మాట్లాడితే గోదావరి జిల్లాల్లో కూడా థియేటర్లు నిండాయి. మొటిమలున్న మొహాన్ని ఎవరూ కాదనలేదు. 2023లో సిరిసిల్ల మనిషి వేణు ఎల్దండి తన ఊరి చావింటి కథను ‘బలగం’గా తీస్తే ఇక్కడి పల్లెల్లోనూ జనం ఏడ్చారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్లో అరవై దాటిన గంగవ్వ తనలాగే మాట్లాడి, తనలాగే తిట్టి దేశమంతా తెలిసింది. గుండమ్మకు దొరకనిది గంగవ్వకు దొరికింది. ఆవిడ గయ్యాళి కాదు, దేవతా కాదు, గంగవ్వ. జనం ఒప్పుకోరన్నది అబద్ధమని ఈ మూడూ నిరూపించాయి.

గోదారి గట్టుకు ఇంకా ఆ రోజు రాలేదు. పూరికొంపల సెట్టు వేసి, పల్లకీ తెచ్చి, నైటీ మార్చి లంగావోణీ కట్టి మమ్మల్ని మాకే చూపిస్తున్నారు. పట్టిసీమలో షూటింగు పెట్టేవాళ్ళని నేను అడిగేది కొంచెమే. రేవులో పడవ నడిపేవాడికి స్క్రిప్టు చదివి వినిపించండి. గుంపులో నిలబెట్టిన ఆడవాళ్ళలో ఒకరికైనా మాట ఇవ్వండి, ఆ మాట ఆమె గొంతుతోనే ఉంచండి. నల్లటి పాత్ర రాస్తే నల్లటి పిల్లని పిలవండి, రాజమండ్రిలో, కొయ్యలగూడెంలో, బుట్టాయిగూడెంలో కావాల్సినంతమంది ఉన్నారు. గాం మల్లుదొర కథ తీయాలనుకుంటే ముందు ఆ కొండల్లో పుట్టిన కుర్రాణ్ణి రచయితగా పెట్టుకోండి. బుట్టాయిగూడెం కాలేజీలో చదువుకుని ఫోనులోనే వీడియోలు కోసి అతికించే కోయపిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళ తాతల పాటలు, భూతగాదాలు, పునరావాస కాలనీల్లో కారే ఇళ్ళు, అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. లక్షలు పెట్టే నిర్మాత ఎవరైనా ముందుకొస్తే చాలు, రేపటికే పని మొదలుపెట్టగలరు.